పోలినాయుడి మంచం దగ్గర తెగిన పెళ్ళి

మొదటి పూట. గాలిమాసం, నాలుగో నాడు.

నేను సీపాన దాలమ్మని. వయసు భూమి లెక్కన డెబ్బై ఒకటి, ఇక్కడి ఏళ్ళ లెక్కన ముప్ఫై ఎనిమిది. సభవారు ఏది కావాలంటే అది రాసుకోవచ్చు, నేను మాత్రం బయట రెండోదే చెప్తాను. ఊరు కొత్తగెడ్డ, ఎర్రనేల కింద మూడో వీధి. ఇంట్లో నేనూ, ఒక కోడిపెట్టా. పెనిమిటి పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు, కాబట్టి వీధిలో అందరి పిల్లల్నీ తిట్టే హక్కు నాకుంది. నాచు అప్పడాలు ఒత్తి బతుకుతాను. చదువు రాదు.

ఇది రాస్తున్నది గేదెల హైమ. నా ఫిర్యాదు కూడా ఆవిడ మీదే. ఊళ్ళో కాగితం మీద చేత్తో రాయడం ఆవిడకొక్కదానికే వచ్చు, నేనేం చెయ్యను. అందుకని ప్రతి తిట్టూ రాశాక ఒకసారి చదివించుకుంటున్నాను. ఇప్పటిదాకా నిజాయితీగానే రాసింది.

ఊరి పనులన్నీ చేసే ఊరిమరకి చెప్పొచ్చు కదా, కాగితం ఎందుకు అని సభవారు అడుగుతారు. చెప్పాను. చెప్పిందీ పోయింది. ఎలా పోయిందో వరసలో వస్తుంది.

ముందు మజ్జి సన్యాసి గురించి చెప్పాలి. పేరు సన్యాసి, నాకంటే మూడేళ్ళు చిన్న, పెళ్ళాం పోయింది, గాలి జల్లెడలు దులిపే పని. నా గది వెనక గోడా, ఆయన గది వెనక గోడా ఒక్కటే. నా గుమ్మం మూడో వీధిలో ఉంది, ఆయనది నాలుగో వీధిలో. ఇటునుంచి అటు పోవాలంటే గాలితలుపులు దాటి, నీళ్ళ తొట్టెల చుట్టూ తిరిగి పోవాలి. ఆయన మోకాళ్ళకి అంత దూరం పడదు. అందుకే మా స్నేహమంతా గోడలోంచే. నేను అప్పడాలు ఒత్తుతూ ఇటునుంచి తిట్టేదాన్ని, ఆయన జల్లెడ దులుపుకుంటూ అటునుంచి నవ్వేవాడు.

ఈ మధ్య ఆ నవ్వు ఆలస్యంగా రావడం మొదలైంది. తర్వాత రావడమే మానేసింది. నాకు కోపం వచ్చి, చుట్టూ తిరిగి ఆయన గుమ్మానికి పోయాను.

"ఏటి, మాటాడ్డం మానీసినావు?"

"నువ్వే మానీసినావనుకున్నాను" అన్నాడు. "సెవులు ఎల్లిపోతన్నాయే దాలమ్మా. గోడలోంచి ఏటీ ఇనబడ్డం నేదు."

అయితే గోడ తీయించేద్దాం అన్నాను. మా ఊళ్ళో ఇద్దరి మధ్య గోడ తీయించడానికి దారి ఒక్కటే, పెళ్ళి. ఆయన చేతిలో జల్లెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మంచిదే. తిట్టడానికి నీకు దగ్గిరగుంటాను."

అలా కుదిరింది సంబంధం.

రెండో పూట. గాలిమాసం, ఐదో నాడు.

నిన్న హైమ చెయ్యి నొప్పి అని ఆపేసింది. ఇవాళ అప్పడాలు వేయించి పెట్టి కూర్చోబెట్టాను.

పెళ్ళి సంగతి సభవారికి తెలిసిందే అయినా నా నోటితో చెప్తాను. దాలమ్మకి ఏమీ తెలియదు, ఊరికే అరుస్తుంది అన్న మాట తర్వాత రాకూడదు. ఇక్కడ గోడలూ మంచాలూ పొయ్యిలూ అన్నీ రజనుతో, అంటే ఈ ఎర్రనేల పొడితో పోసినవి. ఏదైనా మార్చాలంటే హైమ ఆ పనులన్నీ కలిపి ఒక ముడిగా రాస్తుంది, మర చేస్తుంది. పనంతా సవ్యంగా అయితే మర ముడి బిగిస్తుంది, ఇక అది అలాగే ఉండిపోతుంది. మధ్యలో ఏది చెడినా ముడి విప్పేస్తుంది, ప్రతిదీ మొదట ఎలా ఉందో అలా అయిపోతుంది. సగం గోడతో, కాళ్ళు లేని మంచంతో ఎవరూ మిగిలిపోకూడదని ఈ ఏర్పాటు. మంచిదే. నేను కాదనలేదు.

పెళ్ళిముడిలో గోడ తీయడం, రెండు పొయ్యిలు ఒకటి చేయడం, జంట నంబరు ఇవ్వడం ఉంటాయి. కానీ పెళ్ళిముడి అంటే మర మిగతా పనులు పక్కన పెట్టి ముందు అది చేస్తుంది. అందుకని వీధంతా తమ పనులు కూడా అందులోకి దూరుస్తారు. "ఎలాగూ నీ ముడి పోతంది గదా, మా తలుపు ఒంకర కూడా అందులో పెట్టీ" అంటారు. కాదంటే పెళ్ళికి రారు. ఎవరి పెళ్ళికైనా ఇదే మర్యాద. అలా నా ముడిలోకి ఒకరి తలుపు, ఒకరి నీళ్ళ గొట్టం, ఒకరి పిల్లాడి ఉయ్యాల వచ్చి చేరాయి. ఆఖర్న కిల్లి పోలినాయుడి మంచం. మనిషి తాటిచెట్టంత ఉంటాడు, పడుకుంటే పాదాలు గాల్లో వేలాడతాయి. జానెడు పొడిగించమన్నాడు.

ముడి పడింది. మర పని మొదలెట్టింది. గోడ పైనుంచి కిందికి పంచదారలా జారిపోయింది. అవతల సన్యాసి ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నా గది నాలుగు మూలలూ చూసి, "ఇంత సిన్న గదిలోంచేటే అంత గొంతు వచ్చింది" అన్నాడు. కూర్చోమని టీ ఇచ్చాను. సగం తాగాడు.

అప్పుడు మర పలికింది. "పోలినాయుడి మంచం పని చెడింది. మంచం మీద మనిషి ఉన్నాడు."

మనిషి ఆనుకుని ఉన్నదాన్ని మర ముట్టదు. పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. పోలినాయుడు మాత్రం, కొలత సరిపోయిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుందని మంచం ఎక్కి పడుకున్నాడు.

ముడి విడిపోవడం మొదలైంది. నేను లేచి, "ఈడి మీద ఫిర్యాదు రాసుకో" అన్నాను మరతో. "రాసుకున్నాను" అంది. రాసుకున్న మాట నిజమే, కానీ విడిపోతున్న ఆ ముడిలోనే రాసుకుంది. గోడతోపాటు నా ఫిర్యాదు కూడా జరగనిదైపోయింది. ఈ కాగితం అందుకే.

కింది నుంచి గోడ లేస్తుంటే సన్యాసి తన వైపుకి అడుగు వేశాడు. నడుము దాకా వచ్చిన గోడ మీదుగా గ్లాసు నాకు అందించి, "టీ బాగుంది" అన్నాడు. తర్వాత ఆయన జుట్టు కనపడింది. తర్వాత గోడ.

ఆ వెంటనే హైమ ఇంటికి పోయాను.

"గోడ తీసీడం అయిపోయింది గదా. అయిపోయినది మళ్ళీ ఎలగ లేసింది?"

"అది లోపలి ముడి పిన్నీ. లోపల బిగిసినా, బయటి పెద్దముడి బిగిసేదాకా దానికి నిలకడ నేదు. బయటిది ఇడితే లోపలియన్నీ ఇడిపోతాయి."

"అంటే నా పెళ్ళి తీసుకెళ్ళి పోలినాయుడి మంచం కోడుకి కట్టీసినావు."

"నానొక్కదాన్నే కట్టినానా? ఊరంతా కలిసి కట్టినారు."

అన్నీ వెనక్కి పోయాయి గానీ జంట నంబరు మాత్రం పోలేదు. ఒకసారి మర చేతిలోంచి జారిన నంబరు ముడి విడినా తిరిగి రాదట. మనిషికి ఇక్కడ మూడే జంట నంబర్లు. పెద్ద గది కోసం పెళ్ళి చేసుకుని, గది రాగానే విడిపోయే గడుసువాళ్ళ కోసం సభ పెట్టిన కట్టుబాటు అది. నా మొదటి పెళ్ళీ, సన్యాసి మొదటి పెళ్ళీ భూమి మీదవి, వాటికి నంబర్ల గొడవ లేదు. ఇప్పుడు మాత్రం ఒకటి వాడినట్టే లెక్క. అరకప్పు టీ తాగినందుకు.

హైమ ఒక ఉపాయం చెప్పింది. పెద్దముడి లోపల ఒక్కో పనికీ చుట్టూ గట్టు వేస్తానంది. మడికి గట్టు ఉంటే, నీళ్ళు తెగినా పక్క మడిలోకి పోవు. అలాగే మంచం పని చెడితే మంచం వరకే వెనక్కి పోతుంది, నా గోడ జోలికి రాదు.

"మరి ముందే ఎందుకు ఎయ్యనేదు?"

"గట్లు ఎక్కువైతే మరకి బరువు పిన్నీ."

దానికి నేనన్నది హైమ రాసింది, చదివించుకుని, నేనే కొట్టేయించాను. మరీ ఎక్కువైంది.

మూడో పూట. గాలిమాసం, తొమ్మిదో నాడు.

రెండో పెళ్ళి నిన్న అయింది. అయిందని మర అంటోంది.

నేను గోడకి దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పోలినాయుడిని ఇద్దరు పోయి లేపి, తన గుమ్మంలోనే నిలబెట్టారు. ముడి పడింది. కాసేపటికి మర, "పెళ్ళి అయింది" అంది. వీధిలో డప్పు మోగింది. వంకర తలుపు సరైంది, గొట్టం కారడం మానింది, ఉయ్యాల ఊగింది, పోలినాయుడి మంచం జానెడు పెరిగింది. నా గోడ గోడలాగే ఉంది.

పలకరింపుకి ఆడవాళ్ళు వచ్చారు.

"ఏటప్పా, పెళ్ళికొడుకేడి?"

"గోడెనకాల."

"కొత్త గదా, సిగ్గు గావాల."

అప్పడాల కర్ర తీసేసరికి వెళ్ళిపోయారు.

హైమ వచ్చి మరని అడిగింది. ఏమీ చెడలేదంది మర. గోడ ఎందుకు ఉందని అడిగింది. పెళ్ళి అయింది అంది మర. వీధంతా తలో కారణం చెప్పారు. రజను పాతబడిందని ఒకరు, ఘడియ మంచిది కాదని ఒకరు, నా నోరని అందరూ. చివరికి హైమే తను రాసిన ముడి మళ్ళీ తీసి చదువుకుని, మొహం చిన్నబుచ్చుకుంది. ప్రతి గట్టు మీదా ఒకటే మాట రాసిపెట్టింది. లోపల ఏం చెడినా సరే, పైకి చెప్పకు, సాగిపో, అని. మంచానికీ అదే, తలుపుకీ అదే, నా గోడకీ అదే.

"ఇలగ ఎందుకు రాసినావే?"

"నువ్వు తిడతావనీసి పిన్నీ. సెడింది అన్న మాట మర నోటంట రాకుంటే సాలనుకున్నాను."

రాయి హైమా, ఇది కూడా రాయి. నా నోటికి భయపడి మర నోరు కట్టేసింది. గట్టు తెగితే కాపలావాడు కేకెయ్యాలి గానీ, దుప్పటి కప్పుకుని పడుకుంటే అది గట్టెందుకు, కాపలా ఎందుకు.

ఏం చెడిందో మర చెప్పదు కాబట్టి నేనే తెలుసుకోవాలి. చుట్టూ తిరిగి నాలుగో వీధికి పోయాను. సన్యాసి తన గదిలో గోడకి చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మొదలెట్టినారేటి?" అన్నాడు.

దగ్గరికి పోయి చెవిలో అడిగాను. "ఎప్పట్నుంచి ఇలగున్నావు?"

"పొద్దున్నుంచీ. నాకు ఇనబడదు గదా. గోడ అదిరితే తెలుస్తాదనీసి."

మనిషి ఆనుకున్న గోడని మర ముట్టలేదు. చెడింది అని లోపల అనే ఉంటుంది. పైకి చెప్పకు అన్నారు కాబట్టి చెప్పకుండా సాగిపోయింది.

ఆ పూట ఆయన్ని నేను తిట్టలేదు. ఇదీ రాయి, ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మా పరిస్థితి ఇది. ఊరి లెక్కలో మొగుడూ పెళ్ళాలం, నడుమ గోడ. ముడి బిగిసిపోయింది కాబట్టి విప్పడానికి లేదు. గోడ తీయాలంటే ఉన్న మొగుణ్ణే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి, అదీ ఆఖరి నంబరు మీద. ఈసారి పోతే ఆ గోడ ఇక ఎప్పటికీ గోడే. ఆయన చెవులు రోజురోజుకీ మూసుకుపోతున్నాయి.

నాలుగో పూట. గాలిమాసం, పన్నెండో నాడు.

సభకి పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. సభ పెద్ద తాడేల వరహాలమ్మకి కూడా ఒక నకలు ఇవ్వాలి.

ముందు నా నంబర్లు నాకు ఇమ్మన్నాను.

"జరగని పెళ్ళికి నంబరేటి వరహాలూ?"

"అప్పా, నువ్వు తీసుకున్న గడియలోనే ఇంకో ముడి తరవాతి నంబరు తీసుకుని ఎల్లిపోయుంటాది. నీది ఎనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చి, రేపు నీ ముడి కూడా అదే పట్టుకుంటే? ఒకే నంబరు మీద రెండు జంటలు. మర గోడ తీస్తే నీ గదిలోకి ఇంకొకరి మొగుడు వస్తాడు."

"ఆడికి సెవులు ఇనబడితే ఆలోసిస్తాను."

సభ నవ్వింది. వరహాలమ్మ కూడా నవ్వింది. నంబరు మాత్రం ఇవ్వలేదు.

అయితే ఊళ్ళోవాళ్ళ పనులు నా ముడిలోంచి తీసేయండి అన్నాను. అప్పటిదాకా నవ్విన వీధి ముఖం మార్చేసింది. పెళ్ళిముడిలో పని పెట్టనివ్వకపోతే అది పెళ్ళేటి అన్నారు. పోలినాయుడు వెనక నుంచి చెయ్యెత్తి, "నా మంచానికి ఇంకో బెత్తెడు గావాల" అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. చెయ్యి దించాడు గానీ కోరిక దించలేదు.

అప్పుడు హైమ లేచింది. ఫిర్యాదు తన మీదే అయినా తలెత్తి చెప్పింది. వీధివాళ్ళ పనులు ఒక్కోదానికీ గట్టు వేస్తానంది. ఏది తెగినా ఆ గట్టు దాకానే వెనక్కి పోయేట్టు, తెగింది ఎవరిదో, ఎందుకు తెగిందో మర గట్టిగా చెప్పేట్టు రాస్తానంది. గోడకి మాత్రం గట్టు వెయ్యనంది.

"గోడకెందుకు ఎయ్యవు?" అన్నాను.

"గోడ కోసమే గదా పిన్నీ పెళ్ళి. అది సెడితే మొత్తం ఇడిపోవాల. దాన్ని గట్టులో పెట్టి దాసీకూడదు."

"ఇడిపోతే నంబరు పోతాది."

"పోతాది. గట్టేస్తే నంబరూ పోతాది, మళ్ళీ అబద్ధం పెళ్ళి మిగుల్తాది."

లెక్కలో మొగుడితో ఇప్పటికి కొన్నాళ్ళు కాపురం చేశాను, దాని రుచి తెలిసింది. "ఎయ్యొద్దు. గోడ పోతే పెళ్ళి. పోకపోతే నేదు" అన్నాను.

ఇక సన్యాసి సంగతి. ముడి పడే వేళకి ఆయన గోడని ఆనుకోకుండా ఎవరు చూడాలి? నేనే పోయి పక్కన కూర్చుంటానన్నాను. వీధి ముక్కున వేలేసుకుంది. గోడ పడేదాకా పెళ్ళికూతురు తన గది దాటకూడదట.

"లెక్కలో ఆయన నా మొగుడే గదా" అన్నాను. "మొగుడి గదిలో పెళ్ళాం కూకుంటే ఏ ఆచారం సెడిపోతాది?"

వరహాలమ్మ లెక్క తీయించి చూసింది. మొగుడే. కూర్చోమంది.

ఐదో పూట. గాలిమాసం, పదిహేనో నాడు.

పొద్దున్నే ఆయన గదికి పోయాను. మంచం గోడకి దూరంగా జరిపి, ఇద్దరం దాని మీద కూర్చున్నాం. ముడి పడగానే చెయ్యి నొక్కుతానని ముందే చెప్పాను. చెయ్యి పట్టుకున్నాను.

ఎంతసేపటికీ ముడి పడలేదు. బయట ఎవరిదో తలుపు కొలత మారిందని హైమ మళ్ళీ రాసుకుంటోంది. "మొదలైందేటి?" అన్నాడు. లేదని తలూపాను. ఇంకాసేపటికి, "ఇప్పుడో?" అన్నాడు. ఆయన కన్ను గోడ మీదే ఉంది. ఒకసారి లేవబోయాడు, లాగి కూర్చోబెట్టాను.

మర గొంతు వినిపించింది. చెయ్యి నొక్కాను. గోడ పైఅంచు జారడం మొదలైంది. నా గదిలో వేలాడదీసిన బట్టలు కనిపించాయి, తర్వాత పొయ్యి కనిపించింది. సరిగ్గా అప్పుడే మర గట్టిగా అంది. "పోలినాయుడి మంచం పని చెడింది. మంచం మీద మనిషి ఉన్నాడు."

వీధిలో డప్పు ఆగిపోయింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బిగుసుకుంది. సన్యాసికి మర మాట వినపడలేదు, నా చెయ్యి మాత్రం తెలిసింది. గోడ వైపు చూడటం మానేసి నా మొహం వైపు చూశాడు. నేను గోడ వైపే చూస్తున్నాను. కిందికి జారుతున్నది జారుతూనే ఉంది.

"మంచం వరకు వెనక్కి తీశాను. మిగతావి జరిగాయి" అంది మర. నేల మీద రజను సర్దుకుంది. "పెళ్ళి అయింది" అంది. ఈసారి నేను మర మాట నమ్మలేదు. లేచి, గోడ ఉన్న చోటు దాటి నా గదిలోకి పోయి, మళ్ళీ దాటి వచ్చాను. అప్పుడు నమ్మాను.

వీధిలో అందరూ పోలినాయుడి ఇంటికి పోయారు. "నిజంగా పెరుగుతాదో నేదో సూద్దారని" అంటున్నాడట మంచం దిగకుండానే.

సాయంత్రం వరహాలమ్మ కబురు పంపింది. పెళ్ళి అయిపోయింది కదా, ఫిర్యాదు వెనక్కి తీసుకోమంది. తీసుకోను. నా గోడ పోయింది, నాకేమీ అక్కర్లేదు. కానీ రేపు ఇంకెవరిదో ముడి పడుతుంది, అందులో ఇంకెవరో మంచం ఎక్కుతారు. అందుకని సభవారిని నేను కోరేది ఇది: ఊళ్ళోవాళ్ళ పని పెళ్ళిముడిలో పెడితే దానికి గట్టు ఉండాలి. గట్టు తెగితే మర పైకి చెప్పాలి, ఎవరు తిట్టినా సరే. ఏ పని కోసం ముడి వేశారో ఆ పనికి మాత్రం గట్టు ఉండకూడదు. హైమ మీద ఫిర్యాదు ఉంచాను, కోపం తీసేశాను. రెంటికీ సంబంధం లేదు.

ఇంకొక్క మాట. గోడ అవతలికి కేకేసి చెప్పలేని మాటలు కొన్ని ఉంటాయి. ఎన్నో ఏళ్ళు గట్టిగా చెప్పగలిగినవే చెప్పాను, అందుకే ఊరికి నేను తిట్టే మనిషిగా తెలుసు. రాత్రి అన్నం తిన్నాక ఆయన మంచి చెవి దగ్గర కూర్చుని మెల్లగా ఒక మాట చెప్పాను. విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. వినపడక కాదు.

ఆ మాట ఏమిటని హైమ కలం పట్టుకుని చూస్తోంది. అది కాగితానికి కాదు. రాయొద్దు హైమా అంటున్నాను. రాయొద్దు అన్న మాట కూడా రాస్తోంది.

ఇది చదివించుకుని, విని, ఒప్పుకుని వేసిన ఎడమ బొటనవేలి గుర్తు: సీపాన దాలమ్మ.

చూసినవారు:
మజ్జి సన్యాసి, ఈమె మొగుడు, పక్కన కూర్చుని చదివింది మంచి చెవి ఒగ్గి విన్నాడు.
కిల్లి పోలినాయుడు, మంచం మీంచి లేపి తీసుకురాబడ్డాడు.
రాసినది: గేదెల హైమ, ఫిర్యాదు ఈమె మీదే.